మారిషస్ తెలుగువారు, రంగం తెలుగువారు: తేడా ఎక్కడ వచ్చింది?

మా బావమరిది ఈమధ్య మారిషస్ టూరు వెళ్ళి వచ్చాడు. వచ్చిన వారానికి నెల్లితోపులో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ రెండు గంటలసేపు ఆ విశేషాలే చెప్పాడు. అక్కడి తెలుగువాళ్ళు రాత్రిళ్ళు రామభజన చేస్తారట. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారట. అమ్మోరు పండుగ చేస్తారట. ఉగాదికి దేశం మొత్తానికి సెలవట. ఇవన్నీ నిజాలే, నేను కాదనలేదు. చివర్లో మాత్రం ఒక మాట అన్నాడు.

"చూశారా బావగారూ, దేవుణ్ణి వదలనివాళ్ళని దేవుడూ వదల్లేదు. అదే రంగం పోయినవాళ్ళ సంగతి చూడండి, కట్టుబట్టలతో నడిచొచ్చారు. ఎవరు చేసుకున్న ఖర్మ వాళ్ళది."

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ళు ఆ ఊరిని అలాగే అనేవారు. "ఆ నడిచొచ్చినవాళ్ళలో మీ తాత కూడా ఉన్నాడు కదయ్యా" అన్నాను. "అందుకే చెబుతున్నాను" అన్నాడు. మా ఆవిడ మాట్లాడకుండా లేచి కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తాత ఆమెకీ తాతే. మా అత్తగారి తండ్రి. శ్రీకాకుళం జిల్లా నుంచి రంగం వెళ్ళి రేవులో మూటలు మోసి, 1942లో అరకాన్ దారిన చిట్టగాంగ్ దాకా నడిచి ఇల్లు చేరినవాడు. ఆయనతో బయలుదేరిన తమ్ముడు ఇల్లు చేరలేదు.

ఈ వ్యాసం ఆ "ఖర్మ" అనే మాట గురించి. నేను చరిత్రకారుణ్ణి కాదు. బి.కాం. చదివి రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. మాకు తెలిసిన పద్ధతి ఒకటుంది. రెండు ఖాతాలకు మధ్య తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టాలంటే, ముందుగా రెంటిలోనూ ఉన్న పద్దుల్ని కొట్టివేయాలి. రెండువైపులా ఉన్నది తేడాకు కారణం కాలేదు. మిగిలినవాటిలోనే తేడా ఉంటుంది.

మారిషస్ వెళ్ళినవారూ, బర్మా వెళ్ళినవారూ ఒకే తీరం వాళ్ళు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పల్లెలవాళ్ళు. ఒకే కులాలు, ఒకే భాష, ఒకే అప్పన్న, ఒకే అమ్మోరు. బర్మా వెళ్ళిన కూలీలు దేవుణ్ణి ఇంట్లో వదిలి ఓడ ఎక్కలేదు. రంగం రేవులో రామభజనలు చెయ్యని తెలుగువాళ్ళెవరో మా బావమరిది చెప్పలేకపోయాడు. కాబట్టి దేవుడు రెండువైపులా ఉన్న పద్దు. కొట్టివేద్దాం.

పేదరికం కూడా రెండువైపులా ఉంది. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు తుడిచిపెట్టింది. మాంచెస్టర్ గుడ్డల ముందు నేతగాడి మగ్గం నిలవలేదు. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచింది. ఈ ఉప్పెనలో మూడు లక్షలమంది చనిపోయారనీ, ఇరవై వేల ఓడలు మునిగాయనీ ఇప్పటికీ పుస్తకాల్లో, ఇంటర్నెట్టులో ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారు. ఇరవై వేల ఓడలు లంగరు వేసుకునే చోటు ఆ గోదావరి పాయలో ఎక్కడుందో ఎవరూ అడగరు. నూరేళ్ళ తర్వాత రంగూన్ మహానగరం జనాభాయే నాలుగు లక్షలు. ఉప్పెన నిజం, చావులు నిజం, ఆ అంకెను మాత్రం నేను పాస్ చెయ్యను. సరే, అది వేరే సంగతి.

ఇక మొదటి ఖాతా తెరుద్దాం.

మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. బానిసలు పొయ్యాక చెరకు తోటల దొరలకు కూలీలు కావలసివచ్చింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది అక్కడ దిగారు. అది మొదలు. దుర్మార్గాలు బయటపడి 1839లో కొంతకాలం వలస ఆపారు, 1840ల మొదట్లో మళ్ళీ తెరిచారు. మద్రాసు నుంచీ, విశాఖ, కోరంగి రేవుల నుంచీ తెలుగువారు ఎక్కువగా వెళ్ళింది ఈ విడతలోనే. మొత్తం మీద దాదాపు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ చిన్న దీవికి చేరారు. వారిలో సుమారు మూడోవంతు మాత్రమే తిరిగి వచ్చారు.

ఆ బతుకు ఎలాంటిదో తెలిస్తే అక్కడ దేవుడి కటాక్షం వెతకబుద్ధి కాదు. నెలకు అయిదు రూపాయల జీతం, కొంత బియ్యం, పప్పు. ఆ అయిదు రూపాయలు దశాబ్దాల తరబడి అయిదు రూపాయలుగానే ఉండిపోయాయి. డబుల్ కట్ అని ఒక నిబంధన ఉండేది. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోత. నేను ముప్పై ఏళ్ళకు పైగా జీతాల బిల్లులు చూశాను. గైర్హాజరు రోజుకు ఆ రోజు జీతం కొయ్యడం వరకు నాకు తెలుసు. రెట్టింపు కొయ్యడమంటే జ్వరం వచ్చిన కూలీ దొరకు బాకీపడటమే. నెలలో పది రోజులు మంచాన పడితే ఇరవై రోజుల జీతం పోయినట్టే.

ఒప్పందం ముగిసినా విడుదల లేదు. 1867 చట్టం ప్రకారం ఒప్పందం తీరిన పాత కూలీ ఫొటో అంటించిన టికెట్ జేబులో పెట్టుకు తిరగాలి. అది లేకుండా పోలీసుకు దొరికితే దేశదిమ్మరి అనే నేరం మీద జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు వీళ్ళ తరఫున ఒక అర్జీ రాశాడు. దానిమీద 9,401 మంది పాత కూలీలు సంతకాలో వేలిముద్రలో పెట్టారు. తోటల దొరలు ఆయన మీద మండిపడ్డారు, వీధిలో దాడి కూడా జరిగింది. అయినా లండన్ నుంచి రాయల్ కమిషన్ రాక తప్పలేదు. 1875లో వచ్చిన దాని నివేదిక పోలీసుల వేటనూ, జీతాల ఎగవేతనూ ఒప్పుకుంది.

ఇక రెండో ఖాతా. కింది బర్మా 1852లోనే ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఐరావతి డెల్టా వరి ప్రపంచమంతటికీ ఎగుమతి అయింది. ధాన్యం మిల్లులకు మనుషులు కావాలి, రేవుకు మనుషులు కావాలి, రిక్షాలకు మనుషులు కావాలి. కాకినాడలోనో విశాఖలోనో స్టీమరు ఎక్కితే కొద్దిరోజుల్లో రంగం. ఒప్పందం లేదు, అయిదేళ్ళ బంధం లేదు, టికెట్‌మీద ఫొటో లేదు. ఇష్టమైతే ఉండటం, లేకపోతే తిరిగి రావడం. 1920ల చివర్లో ఏటా మూడు లక్షలకు పైగా భారతీయులు రంగూన్‌లో దిగేవారు, దాదాపు అంతమందీ తిరిగి ఎక్కేవారు. అక్కడ తెలుగు కూలీని "కొరంగీ" అనేవారు. కోరంగి రేవు పేరే తిట్టుగా మారింది.

1930లో రంగం రేవులో ఓడకూలీ రోజు రేటు రూపాయిన్నర. మారిషస్‌లో నెలకు అయిదు ఎక్కడ, రంగంలో రోజుకు రూపాయిన్నర ఎక్కడ? ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడం తప్పని నాకూ తెలుసు. మధ్యలో ఎన్నో ఏళ్ళు గడిచాయి, ధరలు మారాయి, పైగా రేవులో ప్రతిరోజూ పని దొరకదు. మేస్త్రీ వాటా పోవాలి, మేస్త్రీ ఊళ్ళో ఇచ్చిన అడ్వాన్సు తీరాలి. కిక్కిరిసిన బసల్లో పడుకోవడానికి చోటు అద్దె కట్టాలి. అన్నీ తీసివేసినా రంగం కూలీ చేతిలో నాలుగు డబ్బులు మిగిలేవి. మనియార్డర్లు ఊళ్ళకు వచ్చేవి. శ్రీకాకుళం వైపు రంగం డబ్బుతో పెంకుటిళ్ళు లేచాయి. అంటే 1930లో ఎవరైనా ఈ రెండు ఖాతాలూ చూసి, ఏ కుటుంబం బాగుపడుతుందని అడిగితే, నేను కూడా రంగం వైపే వేలు చూపించేవాణ్ణి.

మరి తలకిందులు ఎందుకైంది?

నాకు తోచిన మొదటి కారణం కాగితం. మారిషస్ కూలీ బందీ. బందీ కాబట్టే వాడి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఒంటిమీద మచ్చలు, ఎక్కిన ఓడ, దిగిన తేదీ అన్నీ రిజిస్టరులో రాశారు, వాడికొక నంబరు ఇచ్చారు. పారిపోతే పట్టుకోవడానికి పెట్టిన రిజిస్టర్లు అవి. ఇవాళ అవి మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మునిమనవలు అక్కడికి వెళ్ళి ముత్తాత పత్రం తీసుకుంటున్నారు. అలా తీసుకున్న ఒక కుటుంబాన్ని మా బావమరిది కలిశాడు కూడా. రిజిస్టరులో ఇంగ్లీషు గుమాస్తా రాసిన స్పెల్లింగుతో ఊరిపేరు పోల్చుకోవడానికి వాళ్ళు అవస్థ పడుతున్నారట.

బర్మాకు వెళ్ళినవాడు స్వేచ్ఛాజీవి. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగం వెళ్ళడం చట్టం దృష్టిలో కాకినాడ నుంచి మద్రాసు వెళ్ళడం లాంటిదే. వలస చట్టాలు వాడికి వర్తించలేదు. ఒప్పందం లేదు కాబట్టి నమోదు లేదు. ఓడకంపెనీ తలకాయలు లెక్కపెట్టుకుంది తప్ప పేర్లు దాచలేదు. మేస్త్రీ పుస్తకంలో ఉన్నది బాకీ మాత్రమే.

కాగితం విలువ మా ఊరివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. పుదుచ్చేరి 1962 ఆగస్టు 16న చట్టప్రకారం ఇండియాలో కలిసింది. ఇక్కడ పుట్టినవాళ్ళు ఆరు నెలల లోపల వ్రాతపూర్వకంగా కోరుకుంటే ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చు, కోరుకోనివాళ్ళు భారతీయులు. సుమారు అయిదువేల మంది కోరుకున్నారు. ఆ ఒక్క సంతకం వల్ల ఈ ఊళ్ళో పక్కపక్క ఇళ్ళ తలరాతలు వేరయ్యాయి. ఒక ఇంటికి ఫ్రెంచి పెన్షను యూరోల్లో వస్తుంది, పక్కింటికి రాదు. ఇద్దరూ వెళ్ళే గుడి ఒకటే, ఇద్దరూ వెళ్ళే చర్చి ఒకటే. దీన్ని మాత్రం ఎవరూ ఖర్మ అనరు. ఆ కాగితం ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో అందరికీ తెలుసు కాబట్టి.

రెండోది కుటుంబం, భూమి. మారిషస్ వలసలో 1850ల నుంచి మగవారితోపాటు ఇంత నిష్పత్తిలో ఆడవారినీ పంపాలని నిబంధన పెట్టారు. దొరలకు దయ పుట్టి కాదు, దీవిలోనే పుట్టే కూలీలు కావాలని. దాదాపు అదే కాలంలో తిరుగు ప్రయాణం ఖర్చు ఇస్తామన్న హామీ తీసేశారు. ఇది పచ్చి మోసం. కానీ ఆ మోసం వల్లనే జనం అక్కడ పాతుకున్నారు. 1870ల తర్వాత పంచదార ధర పడిపోయి, దొరలు అప్పుల్లో మునిగి, పనికిరాని అంచుభూముల్ని ముక్కలు చేసి అమ్మేశారు. పైసా పైసా కూడబెట్టిన పాత కూలీలు ఎకరమో రెండెకరాలో కొన్నారు. కొడుకు బడికెళ్ళాడు. మనవడు టీచరయ్యాడు.

రంగం వెళ్ళినవాళ్ళు భార్యల్ని తీసుకెళ్ళలేదు. తెలుగువారిలో మగవారి సంఖ్య మరీ ఎక్కువ. రెండేళ్ళో మూడేళ్ళో పని చెయ్యడం, ఊరికి వచ్చి అప్పు తీర్చి, పిల్లల్ని కని, మళ్ళీ వెళ్ళడం. పొలం కొంటే శ్రీకాకుళంలో కొన్నారు, ఐరావతి ఒడ్డున కాదు. ఇది తెలివితక్కువతనం అంటే నేనొప్పుకోను. పదిరోజుల్లో ఇల్లు చేరగలిగినవాడు అక్కడ వేళ్ళూననవసరం లేదనుకోవడం సహజమే.

మూడో కారణం చెప్పడం కొంచెం కష్టం, ఎందుకంటే ఇందులో మనవైపు తప్పుకూడా ఉంది. 1931 లెక్కల్లో బర్మా జనాభా కోటీ నలభై ఆరు లక్షలు, అందులో భారతీయులు పది లక్షల పైచిలుకు, నూటికి ఏడుగురు. తెలుగువారు లక్షన్నరకు పైగా. రంగూన్ నగరంలో మాత్రం నాలుగు లక్షల్లో రెండు లక్షల పన్నెండు వేలమంది భారతీయులు. బర్మావాడికి తన రాజధానిలో తానే మైనారిటీ. మారిషస్‌లో ఇలాంటి తగువు లేదు. ఆ దీవిలో ఆదిమవాసులే లేరు. 1861 నాటికే జనాభాలో దాదాపు మూడింట రెండువంతులు భారతీయులు.

పైగా 1929 ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలింది. బాకీ తీర్చలేని బర్మా రైతుల భూములు చెట్టియార్ల చేతికి వచ్చాయి. కింది బర్మాలో 13 ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల భూమి 6 శాతం. 1938కి 25 శాతం. ఎనిమిదేళ్ళలో నాలుగు రెట్లు! చెట్టియార్లు కూడా తాము భూమి కోసం రాలేదనీ, వడ్డీకోసం వచ్చామనీ మొత్తుకున్నారు, అదీ నిజమే. కానీ భూమి పోయిన రైతుకు ఆ తేడాతో పనేముంది? వాడికి "కలా" కనిపించాడు. భారతీయుణ్ణి అక్కడ అలా పిలిచేవారు. చెట్టియారు ఇనప్పెట్టె వెనక కూర్చుంటాడు, దొరకడు. వీధిలో దొరికేది తెలుగు రిక్షావాడు.

1930 మే నెల ఇందుకు సాక్ష్యం. మే 5న గాంధీగారిని అరెస్టు చేశారు. అదేరోజు రాత్రి పెగూలో పెద్ద భూకంపం వచ్చి వందలమంది చనిపోయారు, రంగూన్ కూడా ఊగింది. శకునాలు చూసేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి! తెలుగు ఓడకూలీలు మాత్రం శకునం చూడలేదు, సమ్మె చేశారు. రూపాయిన్నర రేటును రెండు రూపాయలు చెయ్యమన్నారు. ఓడకంపెనీలు ఊళ్ళో ఉన్న బర్మా పేదల్ని తెచ్చి పనిలో పెట్టాయి. తర్వాత తెలుగువాళ్ళతో కొంత పెంచి రాజీపడి, బర్మా కూలీల్ని పొమ్మన్నాయి. మే 26న పని కోసం వచ్చి వెనక్కి తిరిగిన బర్మావాళ్ళను మనవాళ్ళు వెక్కిరించారని చెబుతారు. ఆ పూట మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగింది. అధికారిక లెక్కలోనే వందమందికి పైగా చనిపోయారు, బయటి అంచనాలు దానికి రెండు మూడు రెట్లు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కంపెనీ దొర ఒక్కడికి కూడా గీత పడలేదు. ఒక ఆకలిని ఇంకో ఆకలిమీదికి ఉసిగొల్పి సమ్మెను విరగ్గొట్టడం కంపెనీలకు కొత్తవిద్య కాదు. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941లో బాక్స్టర్ నివేదిక, దాని వెంట ఇండో-బర్మా వలస ఒప్పందం. రాకపోకలకు పర్మిట్లు పెట్టాలని అప్పటికి తోచింది. డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌మీద బాంబులు వేశాయి.

ఆ తర్వాతి కథ చాలా ఇళ్ళలో విన్నదే. 1942లో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి పారిపోయారు. ఓడల్లో చోటు దొరలకూ డబ్బున్నవారికీ ముందు దొరికింది. మిగిలినవాళ్ళు అరకాన్ కొండలమీదుగా చిట్టగాంగ్‌కు, టాము మీదుగా ఇంఫాల్‌కు, అన్నిటికంటే ఘోరమైన హుకాంగ్ లోయలోంచి అస్సాంకు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. ఎంతమంది చనిపోయారంటే పదివేలనేవారున్నారు, యాభైవేలనేవారున్నారు, లక్ష అనేవారున్నారు. పేర్లు రాసుకోనిచోట చావుల లెక్క ఇలాగే ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది మారిషస్‌లో ఏం జరిగిందో చూడండి. 1943 సెప్టెంబరు 27న బెల్‌వ్యూ హారెల్ తోటలో జీతాలకోసం సమ్మె చేస్తున్న కూలీలమీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. అందులో అంజలై కూపెన్ అనే గర్భిణి ఉంది. అక్కడా రక్తం చిందింది, అక్కడా సమ్మె విరిగింది. కానీ చచ్చిపోయినవాళ్ళ తరఫున అడగడానికి 1936 నుంచి ఒక లేబర్ పార్టీ ఉంది, ఇంట్లో చదువుకున్న కొడుకులు ఉన్నారు, వెనక్కి పొమ్మనే నాథుడు లేడు. ఇవాళ ఆ దేశపు పెద్ద స్టేడియం ఆమె పేరుమీదే ఉంది.

1948 సంవత్సరం దగ్గర రెండు ఖాతాలనూ ఆపి చూద్దాం.

మారిషస్‌లో అంతవరకు ఆస్తో పెద్ద జీతమో ఉన్నవాళ్ళకే ఓటు. కొత్త రాజ్యాంగం ఒక చిన్న మార్పు చేసింది. దీవిలో వాడుకలో ఉన్న ఏ ఒక్క భాషలోనైనా చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు. ఆ భాషల జాబితాలో తెలుగు ఉంది! తెలుగు అక్షరాలు దిద్దడం అంటే ఓటరు కావడం. ఊరూరా రాత్రిబడులు నడిచాయి. హిందీవారి వైపు బాసుదేవ్ విష్ణుదయాళ్ ఉద్యమం వేలమందికి అక్షరాలు నేర్పింది. ఓటర్లు సుమారు పన్నెండువేల నుంచి డెబ్భై ఒక్కవేలకు పెరిగారు. ఆంధ్ర మహాసభ అక్కడ 1947లో పుట్టడం కాకతాళీయం అని నేననుకోను. మా బావమరిది చూసి మురిసిపోయిన తెలుగు, గుళ్ళో భజనవల్లనే బతికిందనేది సగం మాటే. ఓటుకు పనికొచ్చిన భాష కాబట్టి, తర్వాత బళ్ళో సర్కారు జీతం ఇచ్చి చెప్పించిన భాష కాబట్టి బతికింది.

అదే 1948లో బర్మా స్వతంత్రమై పౌరసత్వ చట్టం చేసింది. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాడు పౌరుడు కావాలంటే, 1942 జనవరి 1కి గాని 1948 జనవరి 4కి గాని ముందరి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో ఉన్నట్టు చూపి, గడువులోపల దరఖాస్తు పెట్టుకోవాలి. ఆడిటరు కళ్ళతో ఈ నిబంధన చదవండి. రెండేళ్ళకొకసారి ఊరికొచ్చి పోయినవాడు ఎనిమిదేళ్ళు ఎలా చూపిస్తాడు? ఓడటికెట్టు దాచాడా? మేస్త్రీ బతికున్నాడా? బసలో అద్దె రసీదు ఇచ్చారా? చాలామంది దరఖాస్తే పెట్టలేదు. ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చింది కదా, మనకేం భయం అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

1962లో నే విన్ సైన్యంతో వచ్చాడు. 1964లో దుకాణాల్ని జాతీయం చేశాడు, మే నెలలో యాభై, నూరు క్యాట్ నోట్లను రద్దు చేశాడు. కష్టపడి దాచుకున్న నోట్లు రాత్రికి రాత్రి కాగితాలయ్యాయి. మరో విడత లక్షల్లో తిరిగి వచ్చారు. నేను ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉన్నప్పుడు కంచరపాలెం వైపు బర్మా క్యాంపు మీదుగా చాలాసార్లు వెళ్ళాను. ఆ పేరు ఎందుకొచ్చిందని చాలాకాలం అడగలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది. అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1982 చట్టం వాళ్ళమీద ఇంకో మెలిక వేసింది. 1823కు ముందునుంచి ఆ నేలమీద ఉన్న జాతులవాళ్ళే పుట్టుకతో పూర్తి పౌరులట, మిగిలినవాళ్ళు రెండోరకం, మూడోరకం. మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైనప్పుడు అక్కడి తెలుగువాళ్ళు మామూలు పౌరులయ్యారు, జనాభాలో రెండు మూడు శాతమే అయినా.

మారిషస్ స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ దేశంలో ఎన్నికల్లో పోటీచేసేవాడు తాను హిందువో, ముస్లిమో, చైనావాడో, సాధారణ జనాభావాడో ప్రకటించుకోవాలి. ఓడిపోయినవాళ్ళలోంచి కొందరికి మతాల లెక్కన సీట్లు పంచే బెస్ట్ లూజర్ పద్ధతి కోసం ఇది. ప్రకటించనని మొండికేసినవాళ్ళ నామినేషన్లు చెల్లలేదు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ ఇది తప్పని తేల్చాకే 2014 ఎన్నికలకు తాత్కాలికంగా సడలించారు. నాలాంటి మతంలేనివాడు అక్కడ పుడితే ఏ గడిలో టిక్కు పెట్టాలి?

ఇంకో సంగతి మా బావమరిది టూరులో చూపించరు. అదే దీవిలో ఆఫ్రికా బానిసల సంతతి ఉంది. 1835లో విడుదల చేసినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఇరవై లక్షల పౌన్లకు పైగా నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు! వాళ్ళ అసలు పేర్లు, ఊళ్ళు యజమానుల పుస్తకాల్లో లేవు. 2009లో వేసిన ట్రూత్ అండ్ జస్టిస్ కమిషన్ 2011లో ఇచ్చిన నివేదికలో వీళ్ళు భూములు పోగొట్టుకున్న తీరు చాలా ఉంది. వాళ్ళూ భక్తిపరులే, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే.

మన ఫ్రెంచి రేవుల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. పుదుచ్చేరి, కారైకాల్, యానాంల నుంచి కూడా ఒప్పంద కూలీలు రీయూనియన్ దీవికి వెళ్ళారు. కూలీలను హింసిస్తున్నారని 1882లో ఇంగ్లీషువారు ఆ వలస ఆపారు. 1946లో రీయూనియన్ ఫ్రాన్సులో ఒక జిల్లా అయింది. ఆ కూలీల సంతతి పూర్తి ఫ్రెంచి పౌరులు, డబ్బుకు లోటు లేదు. భాషమాత్రం పోయింది. మారిషస్‌కు ఆ దీవి కూతవేటు దూరం, అక్కడా మారియమ్మ గుళ్ళున్నాయి, నిప్పులగుండాలు తొక్కుతారు. తమిళమూ తెలుగూ ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. అక్కడ ఓటుకు ఫ్రెంచి చాలు.

ఇదంతా రాసి మా బావమరిదికి పంపాను. రెండురోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు రాత్రి ఫోన్ చేశాడు. ఖర్మ మాట ఎత్తలేదు. "మారిషస్ వాళ్ళకిచ్చినట్టు, మన తాత పేరుకూడా ఎక్కడైనా దొరుకుతుందా బావగారూ? ఎవరికి రాయాలి?" అని అడిగాడు. బాక్స్టర్ నివేదికలో అంకెలున్నాయి, పేర్లు లేవని చెప్పాను. అయినా ఆయన ఏ సంవత్సరం వెళ్ళాడో, ఏ ఓడలో వెళ్ళాడో తెలిస్తే ప్రయత్నిద్దామన్నాను. వాడికి తెలియదు. పక్కనే ఉన్న మా ఆవిడ ఫోన్ తీసుకుంది. "అమ్మ కడుపులో ఉండగా వెళ్ళాడటరా. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మ ఆయన్ని చూసి భయపడి తలుపు వెనక దాక్కుందట" అంది.